లేచేలోపు తేలాలి: మీటింగులపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మీటింగులు నడపడంలో మీకెదురయ్యే చిక్కులు రాయమని గత సంచికలో అడిగాం. ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. రాసినవాళ్ల పేర్లు తీసేసి పని, ఊరు మాత్రం ఉంచాం. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి ఒక ప్రశ్నగా వేశాం.

మాది పన్నెండు మంది మహిళా సంఘం. నెలకు రెండుసార్లు కూసుంటం. పొదుపులు కట్టుడు, కిస్తీలు లెక్కబెట్టుడుతోనే గంటన్నర అయితది. అప్పు ఎవరికియ్యాల్నో మాట్లాడేటాలకు సగం మంది లేచిపోతరు. తెల్లారి ‘మాకు చెప్పకుంట ఇచ్చిండ్రు’ అని లొల్లి. ఏం జెయ్యాలె?
– సంఘం లీడర్, నర్సంపేట దగ్గరి ఊరు

అప్పుల ముచ్చట ముందు పెట్టుకుందామంటే కుదరదు. ఇవాళ ఎంత వసూలైందో తెలియకుండా ఎంత ఇవ్వగలరో తెలియదు కదా. అందుకని వసూలునే మీటింగులోంచి బయటికి తీయాలి.

ముందురోజు సాయంత్రం బుక్ కీపర్ ఒక కాగితం మీద పన్నెండు వరుసలు గీయాలి. ఒక్కో సభ్యురాలి పేరు పక్కన పొదుపు ఎంత, అసలు కిస్తీ ఎంత, వడ్డీ ఎంత, మొత్తం ఎంత, కట్టాక మిగిలే బాకీ ఎంత. ‘మొత్తం’ అంకె ఆ రాత్రే ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేయండి, చిల్లరతో సహా తెచ్చుకుంటారు. మీటింగు నాలుగింటికైతే మూడున్నరకు వసూలు మొదలు. ఒకరు పైసలు లెక్కబెట్టాలి, ఇంకొకరు పాస్‌పుస్తకంలో రాయాలి. రెండు పనులూ ఒక్కరే చేస్తే మనిషికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, ఇద్దరైతే రెండు చాలు. నాలుగింటికి అందరూ గుండ్రంగా కూర్చునేసరికి డబ్బు పెట్టె, పుస్తకాలు మధ్యలో ఉండాలి.

అప్పుడు బుక్ కీపర్ మూడు అంకెలు పైకి చదవాలి: ఇవాళ వసూలైంది, బ్యాంకులో ఉన్నది, అప్పు ఇవ్వగలిగింది. ఆ వెంటనే అప్పుల సంగతి. అడిగే ఆమె రెండు నిమిషాల్లో నాలుగు మాటలు చెప్పాలి. ఎంత కావాలి, దేనికి, ఎక్కడినుంచి తిరిగి కడుతుంది, ఎన్ని కిస్తీల్లో.

గొడవ ఎక్కువగా వచ్చేది డబ్బు ఒక్కరికి సరిపడా ఉండి అడిగేవాళ్లు ఇద్దరైనప్పుడు. దీనికి నియమం పేర్లు వినకముందే పెట్టుకోవాలి: ముందు దవాఖాన ఖర్చు, తర్వాత పిల్లల ఫీజు, ఆ తర్వాత వ్యాపారం అని. పేర్లు విన్నాక పెట్టే నియమం ఎంత న్యాయమైనదైనా ఎవరో ఒకరి కోసం పెట్టినట్టే కనిపిస్తుంది.

ఇంకొకటి, మా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. చాలా సంఘాల్లో సంతకాలు ముందు పెట్టించి తీర్మానం తర్వాత తీరిగ్గా రాస్తారు. ‘మాకు చెప్పకుంట ఇచ్చిండ్రు’ అనే మాట అక్కడే పుడుతుంది. తీర్మానం అందరి ముందు రాసి, పైకి చదివి, చివరి అక్షరం కింద గీత కొట్టాకే సంతకాలు. ఇట్లా ఉండాలి:

‘తీర్మానం 3: 12 మందిలో 10 మంది హాజరు. ఫలానా సభ్యురాలికి చీరల వ్యాపారం సరుకు కోసం 30,000 రూపాయలు, రూపాయి వడ్డీకి, నెలకు 3,000 అసలు చొప్పున 10 కిస్తీల్లో ఇవ్వడానికి ఒప్పుకున్నాం. మొదటి కిస్తీ వచ్చే నెల రెండో మీటింగులో. ఇద్దరు 20,000 చాలన్నారు.’

ఆ చివరి వాక్యం వదలొద్దు. తన మాట పుస్తకంలో పడిందని చూసిన మనిషి బయట మళ్లీ ఎత్తడం తగ్గుతుంది.

కూర్చునే చోటు మాటొకటి. ప్రతిసారీ లీడర్ ఇంట్లోనే అయితే మిగతావాళ్లు చుట్టాలింటికి వచ్చినట్టు ఒదిగి కూర్చుంటారు. అంగన్‌వాడీ, బడి వరండా, పంచాయతీ ఆఫీసు, ఏదో ఒకటి మారుస్తూ ఉండండి.

ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిని. స్టాఫ్ మీటింగులో ఇరవై మందికి పైగా ఉంటారు, ఎవరూ నోరు తెరవరు. ‘ఏమైనా చెప్పేదుందా’ అంటే ‘ఏం లేదు సార్’. బయటికి వెళ్లాక మాత్రం వరండాలో అరగంట మాట్లాడుకుంటారు.
– హన్మకొండ

వరండాలో అరగంట మాట్లాడుతున్నారంటే చెప్పేది చాలానే ఉంది. గదిలో చెప్పినా లాభం లేదని వాళ్లకు అనిపిస్తోంది.

మొదట మీ కిందటి మీటింగు ఎజెండా తీసి చూడండి. పై ఆఫీసు నుంచి వచ్చిన సర్క్యులర్, యూడైస్ (బడి వివరాల ఆన్‌లైన్ నమోదు) గడువు, హాజరు యాప్, సెలవుల జాబితా. ఇవన్నీ సమాచారం. చదివి సంతకం పెట్టే మెమో పుస్తకంలోనో, స్టాఫ్ వాట్సాప్ గ్రూపులోనో వేస్తే సరిపోయేవి. బడి వదిలాక బస్సు కోసం గడియారం చూసుకునే మనుషులను కూర్చోబెట్టి ఇవి చదివితే వాళ్లు ఊకొట్టడానికే అలవాటు పడతారు. ఆ తర్వాత మీరు నిజంగా సలహా అడిగినా అదే ఊ.

ఎజెండాలో ప్రతి అంశాన్ని ప్రశ్నగా రాయండి. ‘పదో తరగతి ప్రత్యేక తరగతులు’ అని రాస్తే ఎవరూ ఆలోచించుకుని రారు. దాన్నే ఇలా రాసి రెండు రోజుల ముందు ఇవ్వండి: ‘పదో తరగతి ప్రత్యేక తరగతులు పొద్దునా, సాయంత్రమా? ఏ రోజు ఏ సబ్జెక్టు? 20 నిమిషాలు. తేవాల్సింది: బస్సులో వచ్చే పిల్లల జాబితా, చివరి బస్సు వేళ, గత పరీక్షలో ఏ సబ్జెక్టులో ఎంతమంది వెనకబడ్డారో.’ గణితం టీచర్‌కు ఆ కాగితం చూడగానే చెప్పాల్సింది గుర్తొస్తుంది.

ఇక మీరు మాట్లాడే వరుస. అంశం చెబుతూనే ‘నాకైతే పొద్దున పెడితే బాగుంటుందనిపిస్తోంది, మీరేమంటారు?’ అని అడిగారంటే చర్చ అక్కడితో ముగిసినట్టే. హెడ్‌మాస్టర్ మాటకు అడ్డు చెప్పి ఏసీఆర్ (పనితీరుపై ఏటా రాసే రహస్య నివేదిక) పాడుచేసుకునేదెవరు? మీ అభిప్రాయం చివర చెప్పండి. సైనిక కోర్టుల్లో సభ్యుల అభిప్రాయం అందరికన్నా చిన్న హోదా అధికారి నుంచి మొదలుపెట్టి పైకి అడుగుతారు, పెద్దాయన మాట విన్నాక చిన్నవాళ్లు తమ మాట మార్చుకోకుండా. మీరూ కొత్తగా చేరిన టీచర్‌తో మొదలుపెట్టండి. అయితే ఆమెను హఠాత్తుగా నిలబెట్టొద్దు. ముందు అందరికీ తలా ఓ చీటీ ఇచ్చి మూడు నిమిషాలు రాయనివ్వండి. రాసుకున్నది చదవడం, అప్పటికప్పుడు మాట్లాడడం కన్నా చాలా తేలిక.

‘ఏమైనా చెప్పేదుందా’ అనే ప్రశ్నకు ‘లేదు’ అనేది అతి సులువైన జవాబు. దాని బదులు ‘ఈ పద్ధతి పెడితే మొదటి వారంలోనే ఎక్కడ చెడుతుంది?’ అని అడగండి. ఈ ప్రశ్నకు లోపం చూపించడమే జవాబు కాబట్టి ఎదురు చెప్పినట్టు అనిపించదు. అడిగాక ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం భరించలేక మూడో సెకనుకే తిరిగి తామే మాట్లాడేయడం చాలామంది పెద్దలకున్న అలవాటు.

మొత్తం నలభై నిమిషాలు దాటొద్దు. అంశాలు రెండు, మహా అయితే మూడు.

కొత్తగా గెలిచిన సర్పంచిని. మొదటి గ్రామసభ పెట్టిన. పది నిమిషాలల్ల ఇందిరమ్మ ఇండ్ల మీద లొల్లి షురువైంది. ఒకాయన మైకు గుంజుకున్నడు. ఎజెండా ఎట్లున్నది అట్లనే మిగిలింది. రెండోది పెట్టాలంటేనే భయమైతాంది.
– పరకాల వైపు ఊరు

పెట్టక తప్పదు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరపాలి. జరపకపోతే సర్పంచి పదవికే ముప్పు. కాబట్టి భయం తగ్గే ఏర్పాట్లు చూద్దాం.

మీ సభ చెడింది మైకు గుంజుకున్నాయన వల్ల కాదనే మా అభిప్రాయం. ఎవరింటి సంగతి వాళ్లది, ఊరందరి సంగతి ఒకటి – ఈ రెండూ ఒకే మైకులో కలిశాయి. నాకు ఇల్లు రాలే, మా అత్తకు పింఛన్ ఆగింది, రేషన్ కార్డుల పేరు ఎక్కలే. ఇవి న్యాయమైన బాధలే. కానీ రెండు వందల మంది ముందు ఒక్కటి కూడా తీరదు, ఎందుకంటే తీర్చడానికి ఆధార్, దరఖాస్తు నంబరు, ఆన్‌లైన్‌లో చూడడం కావాలి. సభ జరిగేచోటికి ఇరవై అడుగుల దూరంలో, నీడలో, విడిగా ఓ టేబుల్ వేయించండి. పంచాయతీ కార్యదర్శి తీర్మానాలు రాసుకోవాలి కాబట్టి అక్కడ కారోబార్‌నో మరొకరినో కూర్చోబెట్టండి. దరఖాస్తు తీసుకుని చీటీ ఇవ్వాలి: నంబరు, తేదీ, దేని గురించి, ఏ ఆఫీసుకు పంపుతాం, ఏ తేదీకల్లా జవాబు చెబుతాం. సభకు గంట ముందే ఈ టేబుల్ తెరవాలి. చేతిలో నంబరున్న మనిషి మైకు కోసం ఎగబడడం తక్కువ.

రెండు రోజుల ముందు వార్డు మెంబర్లతో అరగంట కూర్చోండి. ‘సభల ఏమేం లేస్తయ్?’ అని ఒక్కొక్కరిని అడిగి రాసుకోండి. ఐదారు తేలతాయి. వాటికి లెక్కలు, కాగితాలు సిద్ధం చేసుకోండి. వార్డు మెంబర్ ఏ సంగతైనా సభలోనే మొదటిసారి వింటే, అడిగేవాళ్ల పక్కన నిలబడి ఆయనా మిమ్మల్నే అడుగుతాడు. ఆయన తప్పేం లేదు, రేపు ఆ వాడలో తిరగాల్సింది ఆయనే.

చాటింపులో తేదీ, వేళ, చోటుతో పాటు రెండు విషయాలు కూడా చెప్పించండి. ‘ఎల్లుండి సాయంత్రం ఐదింటికి బడికాడ గ్రామసభ, ఆరో వార్డు మోరీ, మంచినీళ్ల ట్యాంకు ముచ్చట ఉన్నది’ అని. ఏ ముచ్చటో చెప్పకుండా సభ అని మాత్రమే చాటిస్తే కోపమున్నవాళ్లే వస్తారు. వేళ కూడా చూసుకోవాలి. పత్తి ఏరేటప్పుడు, మిరప తెంపేటప్పుడు పొద్దున పదింటికి సభ పెడితే కూలికి పోయే ఆడవాళ్లు ఒక్కరూ రారు. పని నుంచి తిరిగొచ్చాక, వంటకు ముందు – ఆ గంటన్నరే మీకు దొరికేది.

సభ మొదలుపెట్టగానే కిందటి తీర్మానాలు ఏమయ్యాయో చెప్పండి. పెద్ద చార్టు మీద, వెనకవాళ్లకు కనపడేంత అక్షరాలతో: ఏం అనుకున్నాం, ఎంత ఖర్చు, ఎంతవరకు అయింది, ఆగితే ఎందుకాగింది. ‘ఆరో వార్డు మోరీ, 120 మీటర్లకు 70 అయింది, కరెంటు స్తంభం అడ్డమొచ్చి ఆగింది, స్తంభం జరపమని ఫలానా తేదీన కాగితం పెట్టాం’. ఆగిపోయిన పనిని మీరే ముందు చెబితే అడగడానికి వచ్చినాయన చేతిలో ఆయుధం సగం పోతుంది. దాచి, ఆయన నోటితో చెప్పించుకుంటే ఇక ఆ సభ ఆయనదే. ఆ తర్వాత జమాఖర్చు. మొత్తాలు నాలుగైదు చాలు.

మైకు వేదిక మీద ఉంచకండి. చేతి మైకు ఒకటి, ఊళ్లో ఏ పార్టీకీ చెందని మనిషి చేతికివ్వండి. రిటైరైన టీచర్లు దీనికి బాగా పనికొస్తారు. ఆయన సభంతా తిరుగుతూ అడిగేవాళ్ల నోటి దగ్గర పెట్టాలి తప్ప మైకు చేతికివ్వకూడదు. ఆడవాళ్లు వెనక, గోడవారగా కూర్చుంటారు. మైకు మొదట అటు పోవాలి.

అయినా ఒకాయన లేచి గట్టిగా అరిచాడనుకోండి. వాదించొద్దు, ‘కూసో’ అని కూడా అనొద్దు. ఆయన మాట మీరే తిరిగి చెప్పండి: ‘అన్నా, నువ్వనేది గిది. జాబితాల అర్హులను వదిలి ఉన్నోళ్ల పేర్లు రాసిండ్రు అని. సరిగ్గ చెప్పిన్నా?’ ఆయన ఔనంటాడు, లేదా సరిచేస్తాడు. అదే మాటను అందరి ముందు చార్టు మీద రాయించండి. ‘ఇది అధికారులు పరిశీలించి తేల్చేది, మన సభ చేతిలో ఉన్నది అభ్యంతరం రాసి పంపుడు. పంపుదమా?’ అని సభనే అడగండి. ఏది మీ చేతిలో లేదో అది ముఖం మీదే చెప్పండి. ‘చూద్దాం, చేద్దాం’ అన్నారా, వచ్చే సభలో అదే మనిషి, అదే అరుపు.

చిన్న సంగతి: ఫొటో మధ్యలో తీయకండి. ఫొటో దిగితే సభ అయిపోయినట్టేనని మన జనానికి లెక్క, కుర్చీలు ఖాళీ అవుతాయి. తీర్మానాలు పైకి చదివి, సంతకాలయ్యాకే ఫొటో.

ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రం చూస్తున్నం. సీజన్ల మీటింగుకు టైం యాడిది? కానీ మాట్లాడుకోకపోతే ఒకరోజు సంచులుండయ్, ఒకరోజు లారీ రాదు. రైతులు మా మీదికే వస్తరు.
– జనగామ జిల్లా

మీకు కావాల్సింది పొద్దున ఏడింటికి, తూకం మొదలుకాకముందు, నిలబడి పది నిమిషాలు. కుర్చీలు వేయొద్దు. కేంద్రం ఇన్‌చార్జి, ట్యాబ్‌లో వివరాలు ఎక్కించే మనిషి, హమాలీల ముఠా మేస్త్రీ, లారీల సంగతి చూసే ఆయన, రైతుల తరఫున ఒకరు. ఐదుగురు చాలు.

గోడ మీద నల్లబోర్డు పెట్టి నాలుగు అంకెలు రాయండి. తేమ 17 శాతం లోపుకు వచ్చి తూకానికి సిద్ధంగా ఉన్న వడ్లు ఎన్ని బస్తాలు; ఖాళీ సంచులెన్ని; ఇవాళ ఖాయంగా వచ్చే లారీలెన్ని; నిన్న తూకమై కదలకుండా ఉన్న బస్తాలెన్ని. సిద్ధంగా ఉన్న వడ్లు, ఖాళీ సంచులు, లారీల్లో నిన్నటివి పోగా మిగిలే చోటు – వీటిలో ఏది తక్కువో ఆ రోజు పని అంతే. సిద్ధంగా 1,000 బస్తాల వడ్లున్నాయి, సంచులు 900 ఉన్నాయి, లారీ ఒక్కటే, 400 బస్తాలు పడుతుంది. నిన్నటివి 350 అక్కడే ఉన్నాయి. అంటే ఇవాళ కొత్తగా పోయేవి 50 మాత్రమే. బస్తాకు 40 కిలోల లెక్కన 20 క్వింటాళ్లు. ఈ లెక్క చూడకుండా హమాలీలు ఊపుమీద 800 బస్తాలు తూకం వేస్తే సాయంత్రానికి 750 బస్తాలు ఆరుబయట. రాత్రి వాన పడితే అవి రైతువా, కేంద్రానివా అని కొట్లాట.

లెక్క తేలాక ఒక్కటే ప్రశ్న: రెండో లారీ కోసం ఎవరు ఫోన్ చేస్తారు, ఎనిమిదిలోపు? పేరు బోర్డు మీద రాయండి. దొరకకపోతే ఎన్ని బస్తాలకే తూకమో, ఏ టోకెన్ వరకో అక్కడున్న రైతులకు అప్పుడే చెప్పేయండి. పొద్దున ఏడింటికి ‘ఇవాళ నీ వంతు రాదు’ అంటే రైతు విసుక్కుంటాడు. అదే సాయంత్రం ఆరింటికి చెబితే ధర్నా చేస్తాడు.

ఈ పది నిమిషాల్లో నిన్న ఎవరిది తప్పు అనే ముచ్చట రానివ్వొద్దు. దానికి వారంలో ఒకరోజు రాత్రి వేరే కూర్చోండి.

మడికొండ ఐటీ పార్కులో టీమ్ లీడ్‌ని. రోజూ పదిహేను నిమిషాల స్టాండప్ (నిలబడి చేసే చిన్న మీటింగు) అనుకుంటాం, యాభై నిమిషాలు అవుతోంది. సగం టీమ్ హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో ఉంటారు, వాళ్లు నోరే తెరవరు.

సాగదీస్తున్నది బహుశా మీరే. ఎవరో ‘ఇక్కడ ఆగిపోయాను’ అనగానే లీడ్ అక్కడే పరిష్కారం వెతకడం మొదలుపెడతాడు, మిగతా ఏడుగురు చూస్తూ ఉంటారు. ఆగిన పనిని, దానికి సాయపడే ఒకరి పేరును రాసుకుని ముందుకు పోండి. స్టాండప్ అయ్యాక ఆ ఇద్దరు ముగ్గురే ఆగి మాట్లాడుకుంటారు. ‘నిన్న నేనేం చేశానంటే’ అని మనుషుల వరుసలో పోకుండా, పనుల బోర్డు మీద పూర్తి కావడానికి దగ్గరగా ఉన్న పని నుంచి వెనక్కి రండి. ఎవరెంత కష్టపడ్డారో చెప్పుకోవడం పోయి, ఏ పని ఎక్కడ ఇరుక్కుందో తెలుస్తుంది.

ఆన్‌లైన్ వాళ్ల సంగతి: గదిలో ఉన్నవాళ్లు ఒకే కెమెరా, ఒకే స్పీకర్ చుట్టూ చేరితే అవతలివాళ్లకు సగం మాటలు వినపడవు, నవ్వులు మాత్రం వినపడతాయి. వరంగల్ వాళ్లు కూడా ఎవరి ల్యాప్‌టాప్, ఎవరి హెడ్‌సెట్‌తో వాళ్లు చేరాలి. ప్రతి అంశం హైదరాబాద్ వాళ్లతో మొదలుకావాలి.

నక్కలగుట్టలో మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని. ఒక నెలలో తేల్చింది మళ్లీ నెలలో తిరగదోడతారు. లిఫ్టు మరమ్మతు కాంట్రాక్టు మూడు మీటింగుల నుంచి నానుతోంది. వాచ్‌మన్‌కు ఎంత పండుగ ఇనాం ఇవ్వాలనే దానిమీద మాత్రం నలభై నిమిషాలు!

ఇనాం మీద అందరికీ అభిప్రాయం ఉంటుంది, లిఫ్టు మోటారు గురించి తెలిసింది ఒకరిద్దరికే. అందుకే పెద్ద ఖర్చు దగ్గర ఎవరూ నోరెత్తరు, చిన్నదాని మీద అందరూ పడతారు. ఇది ప్రతిచోటా జరిగేదే. ఎజెండాలో చిన్నవాటిని ఒక కట్టగా కట్టి ‘కమిటీ ప్రతిపాదన ఇది, అభ్యంతరం లేకపోతే అన్నీ కలిపి ఆమోదం’ అని పెట్టండి. ఎవరైనా పట్టుబడితే ఆ ఒక్కటి బయటికి తీసి చివర మాట్లాడండి.

లిఫ్టుకు మూడు కొటేషన్లు తెప్పించి ఒకే పట్టికలో వేయండి. ధర, ఏయే భాగాలు అందులో కలుస్తాయి, ఏవి కలవవు, చెడితే ఎన్ని గంటల్లో వస్తారు, వారంటీ ఎంత. ఐదు రోజుల ముందు గ్రూపులో పెట్టండి. మీటింగులో కాగితాలు పంచితే అందరూ తలవంచి చదువుతూ ఉంటారు, ‘ఇంకోసారి చూద్దాం’ అనేది అప్పుడే వస్తుంది.

తిరగదోడడం ఆగాలంటే మినిట్స్ (మీటింగులో తేలినవాటి రాత) మరుసటి రోజు రాత్రిలోపు గ్రూపులో పడాలి. ఎవరేమన్నారో కథంతా వద్దు. ఏం తేలింది, ఎవరు చేస్తారు, ఏ తేదీకి – మూడు గడులు. ‘కమిటీ చూసుకుంటుంది’ అని రాస్తే ఎవరూ చూసుకోరు, ఫ్లాట్ నంబరుతో ఒక్క మనిషి పేరుండాలి. మార్పులు చెప్పడానికి మూడు రోజుల గడువు. ఆ తర్వాత అదే అంశం మళ్లీ ఎజెండాకు ఎక్కాలంటే కొత్త సంగతి ఏదైనా ఉండాలి: ధర మారిందా, కాంట్రాక్టరు తప్పుకున్నాడా? ‘ఆ రోజు నేను లేను’ అనేది కొత్త సంగతి కాదు. ఈ నియమాన్ని మాత్రం అందరూ ఉన్న సర్వసభ్య సమావేశంలో ఒప్పించుకోండి, లేకపోతే కార్యదర్శి సొంత పెత్తనమంటారు. కోరం (తీర్మానం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) మీ సంఘం బైలాల్లో ఎంత రాసుందో చూసి, మొదలుపెట్టగానే తలలు లెక్కించి రాయండి. కోరం లేని రోజు లిఫ్టు ఖర్చుకు చేసిన తీర్మానం మీద ఎవరైనా కేసు వేస్తే నిలవదు.

మాది కంపెనీగా రిజిస్టరైన రైతు ఉత్పత్తిదారుల సంస్థ. డైరెక్టర్లం పది మందిమి. ఫోన్ చేసి ‘రేపు బోర్డు మీటింగ్’ అంటే సరిపోదా?
– ములుగు

సరిపోదు. ఉత్పత్తిదారుల కంపెనీల్లో సీఈఓ కనీసం ఏడు రోజుల ముందు డైరెక్టర్లందరికీ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అంతకన్నా తక్కువ గడువుతో పిలవాల్సి వస్తే కారణం రాసి పెట్టాలి. మూడు నెలలకోసారి తగ్గకుండా, ఏడాదికి నాలుగైనా బోర్డు మీటింగులు జరగాలి. కోరం మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు, ముగ్గురికి తగ్గకుండా. మీరు పది మంది కాబట్టి నలుగురు. ఎరువుల దుకాణం లైసెన్సు, బ్యాంకు రుణం లాంటి తీర్మానాల దగ్గర ఈ నోటీసు కాగితం అడగొచ్చు.

చిన్న ప్రశ్నలకు చిన్న జవాబులు:

చాయ్ ఎప్పుడివ్వాలి? (కాజీపేట) రాగానే, లేదా అయిపోయాక. తీర్మానం దగ్గరికి వచ్చాక గ్లాసులు, మిర్చి బజ్జీలు వస్తే పది నిమిషాలు పోతాయి, మాట మొదటికొస్తుంది. చాయ్ తెచ్చే అబ్బాయికి వేళ ముందే చెప్పండి.

పెద్దసారు రెండు గంటలు ఆలస్యంగా వస్తారు, అప్పటిదాకా మండలం సిబ్బందంతా కూర్చోవాలి. (మహబూబాబాద్) ఎజెండాలో సారు లేకున్నా తేలేవి పైకి తేండి, చెప్పిన వేళకే మొదలుపెట్టండి. ఆయన రాగానే ఇప్పటిదాకా తేలింది ఒక నిమిషంలో చెప్పి, ఆయన తేల్చాల్సిన రెండింటికి రండి. ముందురోజే సారు సీసీని (క్యాంపు క్లర్కును) అడిగి ‘మీరు వచ్చేదాకా ఇవి కానిస్తాం’ అని ఒప్పించుకోవాలి సుమా.

ఎంతమందిని పిలవాలి? (భూపాలపల్లి) నిర్ణయం కోసమైతే ఐదుగురి నుంచి ఎనిమిది మంది. తెలియాల్సినవాళ్లు వేరే, తేల్చాల్సినవాళ్లు వేరే. మొదటివాళ్లకు మినిట్స్ పంపితే చాలు.

వారం వారం జరిగే మీటింగుకు ఈ వారం విషయమే లేదు. రద్దు చేస్తే నామోషీ కాదా? (తొర్రూరు) కాదు. ముందురోజు సాయంత్రం ఐదింటిలోపు ‘రేపటి మీటింగు లేదు, పెండింగులో ఉన్న పనులు ఇవి, ఎవరివి వాళ్లు శుక్రవారంలోపు ఇక్కడే రాయండి’ అని గ్రూపులో పెట్టండి. వరసగా మూడు వారాలు ఇట్లాగే రద్దవుతుంటే దాన్ని పదిహేను రోజులకోసారి చేసేయండి.